ఎనిమిదో మైలు మోరి, కారు అద్దం మీది గీత

దేవరకొండ నుంచి నల్గొండ పోయే తొవ్వలో, ఎనిమిదో మైలు దగ్గర ఒక మోరి ఉండేది. వాన నీళ్లు రోడ్డు కింద నుంచి దాటిపోవడానికి రాతితో కట్టిన చిన్న వంతెన. రెండు పక్కలా నడుమెత్తు గోడలు, వాటికి ఏటేటా సున్నం. పగలు చూస్తే ఏమీ ఉండదు... మేకలు ఆ గోడలెక్కి తుమ్మకొమ్మలు అందుకుంటుండేవి.

పొద్దు గూకితే మాత్రం — ఆ జాగా పేరు ఎవరూ నోట పెట్టేవాళ్లు కాదు.

నిజాం కాలంలో ఆ రోడ్డు వేస్తున్నప్పుడు, ఉప్పలమ్మ అని రాళ్లు మోసే కూలామె, కమాను కూలితే దాని కింద పడిపోయిందట. పైకి తీయడానికి రెండు రోజులు పట్టిందట. అప్పటి నుంచి చీకటి పడ్డాక గోడ పక్కన తెల్లగా నిలబడుతుందని, చెయ్యెత్తి బండ్లు ఆపుతుందని చెప్పుకునేవాళ్లు. ఆగిన బండి ఇల్లు చేరదని కూడా అనేవాళ్లు. ఏ బండి, ఎవరిది అని అడిగితే ఎవరికీ తెలియదు. అయినా బండ్లవాళ్లు ఆ మోరి దగ్గరికొచ్చేసరికి ఎడ్ల మెడగంటల్లో గుడ్డపేలికలు కుక్కి, చప్పుడు లేకుండా దాటించేవాళ్లు.

గాలయ్య వాళ్లను చూసి నవ్వేవాడు. ఆ మోరి మీద ఆయన దాటినన్ని రాత్రులు ఎవరూ దాటలేదు మరి.

గాలయ్య దేవరకొండలో కిరాయి కారు నడిపేవాడు. పంతొమ్మిది వందల అరవై రెండో, అరవై మూడో. ఊరు మొత్తానికి కిరాయికి దొరికే కారు అదొక్కటే. నల్లది, ఇంగ్లండులో తయారైన పాత బండి. సుగుణమ్మ అనే ఆవిడది. భర్త పోయాక బండి అమ్మెయ్యమని ఎంతమంది చెప్పినా ఆమె వినలేదు. పెళ్లిళ్లకూ కోర్టు పనులకూ పోయేది గానీ, అన్నిటికంటే ఎక్కువగా అది నల్గొండ దవాఖానకు పోయేది. ఎవరికి పానం మీదికొచ్చినా వాళ్ల మనుషులు వచ్చి కొట్టేది సుగుణమ్మ తలుపే. ఆమె పోయి గాలయ్యను లేపేది.

ఇప్పుడు చెప్పబోయేది గాలయ్య ముసలితనంలో ఇద్దరు ముగ్గురికే చెప్పుకున్నాడు. వాళ్లలో ఒకరి నోట విన్నది ఇది.

ఆ ఏడు ఎండాకాలం, ముందు పోతున్న లారీ చక్రం కింద నుంచి ఒక కంకర రాయి ఎగిరొచ్చి కారు ముందు అద్దానికి తగిలింది. మొదట జొన్నగింజంత చుక్క. ఊరు చేరేసరికి అది జానెడు గీతయింది. నిట్టనిలువుగా పైకి పాకి, పై చివర పక్కకు ఒక కొమ్మ వేసింది. సరిగ్గా డ్రైవరు కళ్ల ముందు.

బస్టాండు పక్కన మోటార్లు బాగుచేసే సోమన్న దగ్గరికి తీసుకుపోయాడు. సోమన్న గోటితో గీతను తడిమి చూశాడు.

"అద్దం రెండు పొరలు. నడుమ జిగురు పొర ఉన్నది, గందుకే రాలలే," అన్నాడు. "కాని గీత ఉరుకుతది. ఇయ్యాల జానెడు, రేపు మూరెడు. మార్చుడే మంచిది."

మార్చాలంటే అలాంటి అద్దం హైద్రాబాదులో వెతకాలి. అక్కడ లేకపోతే బొంబాయి నుంచి రావాలి. నెల పట్టొచ్చు. అప్పటిదాకా కిటికీ అద్దం కోయించి పెట్టమని గాలయ్య అడిగితే, సోమన్న ససేమిరా అన్నాడు. అది పగిలితే ముక్కలు నేరుగా గొంతులోకే వస్తాయట. ఇక మిగిలింది ఒకటే దారి... వడ్రంగులు తలుపులకు పూసే లక్కను స్పిరిట్లో కరిగించి గీతలోకి ఎక్కించడం. గీత నెమ్మదిస్తుంది, నీళ్లు దిగవు. కానీ మరక పోదు. రాత్రి ఎదురు వెలుతురు పడితే గీత మెరుస్తుంది.

గాలయ్య వచ్చి ఉన్నదున్నట్టు సుగుణమ్మకు చెప్పాడు. మార్పిద్దామనే ఆయన మనసులో ఉంది.

సుగుణమ్మకు పాత సంగతి గుర్తుకొచ్చింది. రెండేళ్ల కింద ఇంజను పనికని బండిని ఇరవై రోజులు షెడ్డులో పెట్టారు. ఆ ఇరవై రోజుల్లోనే ఒక రాత్రి కాన్పు కష్టమైన పిల్లను తీసుకుని మనుషులొచ్చారు. బండి లేదని తలుపు దగ్గర నిలబడి చెప్పింది సుగుణమ్మే. ఎడ్లబండి మీద తీసుకుపోయారు. పిల్ల తొవ్వలోనే పోయింది.

"బండి నెల దినాలు నిలవెడితే, గా నెలల ఎవలికన్న కష్టమొస్తె ఏం చెప్పాలె గాలయ్యా?" అంది.

గాలయ్య మళ్లీ షెడ్డుకే పోయాడు. మర్నాడు సోమన్న గీతలో లక్క పోశాడు.

నాలుగు రోజుల తర్వాత గాలయ్య నల్గొండలో మనుషులను దించి ఒక్కడే తిరిగి వస్తున్నాడు. దీపాలు పెట్టే వేళ దాటి గంటయింది. ఎనిమిదో మైలు దగ్గర మలుపు తిరిగాడు...

గోడ పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

పొడుగ్గా... తెల్లగా... ఒక చెయ్యి పైకెత్తి.

గాలయ్య కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బండి గోడకు రాసుకుంటూ పోయి ఆగింది. దిగి చూస్తే ఎవరూ లేరు. తుమ్మచెట్లు, గోడలు, కింద ఎండిన ఇసుక. ఇల్లెట్లా చేరాడో ఆయనకే తెలియదు.

రెండోసారి వచ్చినప్పుడూ ఆమె అక్కడే ఉంది. మూడోసారీ.

ఎవరికి చెప్పినా ఇక కారెక్కరు. చెప్పకుండా ఉంటే నిద్ర పట్టడం లేదు. చివరికి సోమన్న ఒక్కడికే చెప్పాడు. సోమన్న ఆ రాత్రి నల్గొండ నుంచి వచ్చేటప్పుడు గాలయ్య పక్కన కూర్చున్నాడు.

మలుపు తిరిగింది. ఆమె నిలబడి ఉంది.

"బండి ఆపు. తలకాయ జర ఎడమకు వంచు," అన్నాడు సోమన్న మెల్లగా.

గాలయ్య వంచాడు. ఆమె గోడ మీద నుంచి జారి నడిరోడ్డులోకి వచ్చింది. కుడికి వంచితే ఎడమకు పోయింది. గీత మీద వేలు అడ్డం పెట్టమన్నాడు. పెడితే — లేదు. తీస్తే ఉంది.

సంగతి అదే. కారు దీపాలు సున్నం గోడ మీద పడి, ఆ వెలుతురు తిరిగొచ్చి గీతలోని లక్కను వెలిగిస్తోంది. నిలువు గీత మనిషి, పక్కకు పోయిన కొమ్మ చెయ్యి. ఆ తొవ్వలో అంత తెల్లటి గోడ ఇంకోటి లేదు గనుక ఇంకెక్కడా కనబడదు.

గాలయ్య కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

ఆ తర్వాత అదొక అలవాటయింది. మలుపు తిరగడం, తల ఎడమకు వంచడం, ఆమె పక్కకు జరగడం, బండి దాటిపోవడం. బ్రేకు మీద కాలు పెట్టడం మానేశాడు. పెళ్లిళ్ల రోజులు అయిపోయాయి. ఎండకు గీత వారానికి వేలెడు చొప్పున పాకుతూనే ఉంది. సోమన్న ఎప్పటికప్పుడు లక్క పోస్తూనే ఉన్నాడు. అద్దం మారుద్దామని గాలయ్య ఇంకో రెండుసార్లు అన్నాడు. వచ్చే నెల చూద్దామని సుగుణమ్మ అంది. ఇద్దరికీ తెలుసు, వచ్చే నెల కూడా ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారని.

తొలకరి పడింది. మూడోనాడు రాత్రి గాలయ్య మళ్లీ ఒక్కడే వస్తున్నాడు. వాన లేదు గానీ నేలంతా తడి, గాలి కదలడం లేదు. మలుపు తిరిగాడు. ఆమె నిలబడి ఉంది.

తల ఎడమకు వంచాడు.

ఆమె కదల్లేదు.

ఇంకొంచెం వంచాడు... కదల్లేదు. ఎడమ చెయ్యి తీసి గీత మీద అడ్డం పెట్టాడు. వేళ్ల పక్కన, చెక్కు చెదరని అద్దంలో — నిలబడే ఉంది. ఎత్తిన చెయ్యి ఒకసారి కిందికి దిగింది. మళ్లీ పైకి లేచింది.

ఇదంతా చెప్పినంత సేపు పట్టలేదు. కాలు అలవాటు ప్రకారం బండిని తోలుతూనే ఉంది. గోడలు రెండు పక్కలా వెనక్కి పోయాయి.

కొంతదూరం పోయాక ఆపాడు. ఇంజను ఆర్పలేదు. వెనక్కి చూస్తే చీకటి తప్ప ఏమీ కనబడలేదు. మనిషైతే పిలుస్తుంది కదా, ఉరికొస్తుంది కదా అనుకుని చెవులు రిక్కించి కూర్చున్నాడు. దిగి వెనక్కి పోదామని తలుపు మీద చెయ్యి వేశాడు. తెరవలేదు. పోనీ బండినే తిప్పుదామంటే చెయ్యి గేరు మీదికి పోలేదు. ఒక బీడీ కాలేంత సేపు అట్లా కూర్చున్నాడు.

ఎవరూ పిలవలేదు. ఎవరూ రాలేదు.

పోయాడు.

మర్నాడు పొద్దున చాయ హోటల్లో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాడు. ఎనిమిదో మైలు మోరికి కేకవేటు దూరంలో, చెలకలో గుడిసె వేసుకున్న సాయిలుకు నిన్న మాపటికి పురుగు ముట్టిందట, పాము కాటు. గుడిసెలో పెళ్లాం యాదలక్ష్మి తప్ప ఇంకో మనిషి లేదట. తెల్లారకముందే పానం పోయిందట. బండి ఏదన్నా దొరికి, వేళకు నల్గొండ చేరుంటే బతికేవాడేమో అనుకుంటున్నారు.

గాలయ్య చాయ అక్కడే పెట్టి లేచాడు.

అక్కడి నుంచి నేరుగా సుగుణమ్మ దగ్గరికి పోయాడు. చెయ్యెత్తి నిలబడ్డ మనిషిని అద్దంలో గీత అనుకుని దాటొచ్చానని చెప్పాడు. ముందుకు పోయి ఆపి, భయపడి కూర్చున్న సంగతి మాత్రం చెప్పలేదు. దానికి నోరు రాలేదు. ఆమెకే కాదు, సోమన్నకూ చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

సుగుణమ్మ ఈసారి వచ్చే నెల అనలేదు. సాయంత్రానికల్లా అద్దం కోసం హైద్రాబాదుకు మనిషిని పంపింది.

బండి ఇరవై ఆరు రోజులు నిలబడింది. ఆ ఇరవై ఆరు రోజుల్లో రెండుసార్లు ఎవరో వచ్చి తలుపు కొట్టారు. రెండుసార్లూ ఆమే లేచి, బండి లేదని చెప్పి పంపింది. వాళ్లు ఏమయ్యారని ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

కొత్త అద్దం బిగించిన రాత్రి గాలయ్య పనేమీ లేకున్నా బండి తీశాడు. ఎనిమిదో మైలు దాటి ముందుకు పోయి, నల్గొండ దిక్కు నుంచి వస్తున్నట్టు తిరిగొచ్చాడు. మలుపు తిరిగితే దీపాలు సున్నం గోడ మీద పడ్డాయి. గోడ ఉంది. తుమ్మచెట్లున్నాయి. ఇంకేమీ లేదు. ఐదుసార్లు తిరిగాడు. ఐదుసార్లూ ఏమీ లేదు.

అంటే దయ్యమనేది ఎప్పుడూ లేదు. అన్ని రాత్రులూ గీతే. ఆ ఒక్క రాత్రి మాత్రం యాదలక్ష్మి.

ఇంక ఆగలేకపోయాడు. మర్నాడు పొద్దెక్కాక మోరి దగ్గర బండి ఆపి, చెలకలో నడుచుకుంటూ ఆ గుడిసెకు పోయాడు. యాదలక్ష్మి వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. తానెవరో చెప్పుకున్నాడు. ఆమె చాట పక్కన పెట్టి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ చెంబు చేతిలో పట్టుకునే, తాగకుండా, చెప్పాడు.

"గా రాత్రి నువ్వు చెయ్యెత్తినవమ్మా. నేను ఆపలే."

యాదలక్ష్మి అర్థం కానట్టు చూసింది.

"నేను రోడ్డు మీదికి రాలేదన్నా," అంది. "ఆయన తల నా ఒళ్లె ఉండె. ఇడిచిపెట్టి ఎట్లొస్త?"

గాలయ్య చెంబు కింద పెట్టాడు. ఆమె చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మెల్లగా చెప్పుకుపోయింది. దీపంలో నూనె అయిపోవస్తున్నప్పుడు వాకిట్లో ఒకామె నిలబడ్డదట. చీకట్లో మొహం కనబడలేదట. ఊళ్లో వాళ్లెవరో బాగోగులు అరుసుకోవడానికి వచ్చారనుకుందట. మోటారు చప్పుడైతోంది, నేను ఆపుతానని చెప్పి, ఆమె రోడ్డు దిక్కు ఉరికిందట. తర్వాత ఊళ్లో ఇల్లిల్లూ అడిగినా, ఆ రాత్రి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరట.

"మల్ల కానరాలేదా?" అన్నాడు గాలయ్య.

"జరసేపటికి వచ్చింది. గడప కాడనే నిలవడ్డది, లోపటికి రాలే."

"ఏమన్నది?"

యాదలక్ష్మి రోడ్డు దిక్కు చూసింది.

"'ఆగిండు చెల్లె... ఆగి, శానసేపు కూసున్నడు. ఎనకకైతె రాలే' అన్నది."