ఆర్డ్‌వెన్ దొర పలికిన రాత్రి

స్కాట్లాండు కొండల్లో, ఆర్డ్‌వెన్ కోట వెనక ఒక గుట్ట ఉంది. గుట్ట మీద దొరల సమాధి గది. చీకటి పడితే గొర్రెలు కూడా అటు పోవంటారు గానీ అది ఉత్తమాట. గొర్రెలు నిక్షేపంగా పోయి మేస్తాయి. మనుషులే పోరు.

కారణం లేకపోలేదు. వెనకటికి ఆ వంశంలో ఓ దొర జ్వరమొచ్చి పోయాడు... పోయాడనుకున్నారు. అంటురోగమేమోనని ఆదరాబాదరాగా తీసుకెళ్లి లోపల పెట్టి తాళం వేసేశారు. కొడుకు దొరై కూర్చున్నాడు, విందులు చేశాడు. తర్వాతెప్పుడో ఇంకొకరి కోసం తలుపు తీస్తే, ముసలాయన పెట్టెలో లేడు. గుమ్మం దగ్గరున్నాడు. గోళ్లన్నీ అరిగిపోయి...

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక ఆచారం. దొరని సమాధి చేసిన రాత్రే వారసుడు ఒంటరిగా గుట్టెక్కాలి. సమాధి గది ఇనప గజాల తలుపు ముందు నిలబడి మూడుసార్లు పిలవాలి — "ఆర్డ్‌వెన్ దొరగారున్నారా?" అని. ఎవరూ పలక్కపోతే దొరతనం వారసుడిది. ఎవరైనా పలికితే... ఆ పలికినవాళ్లది.

రైలు ఇంకా ఆ కొండలదాకా రాని రోజులవి. నవంబరు నెలలో దొర ల్యాక్లన్ గుర్రం మీంచి పడి చనిపోయాడు. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు, పిల్లల్లేరు. వారసుడు తమ్ముడు హెక్టర్.

హెక్టర్‌కి అన్న మీద ప్రేమ లేదని కాదు. కానీ పుట్టినప్పట్నుంచీ రెండోవాడు. అన్నకి పొట్టయిన కోట్లు తొడిగాడు, అన్న ఎక్కడం మానేసిన గుర్రాలెక్కాడు. తల నెరుస్తున్నా నౌకర్లకి ఇంకా చిన్నబాబే. శవపేటిక మోస్తూ ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే, 'రేపట్నుంచి నన్ను దొరగారంటారు కదా' అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే మళ్లీ అనుకున్నాడు.

గుట్ట కిందిదాకా ముసలి దివాను గిలీస్ తోడొచ్చాడు.

"లాంతరు ఇలా ఇవ్వు."

"ఇవ్వకూడదు చిన్నబాబూ. మీ తాతగారూ చీకట్లోనే వెళ్లారు."

"మా తాతకి భయమంటే ఏంటో తెలీదుగా!"

"ఎందుకు తెలీదూ? ఆయన దిగొచ్చాక పంట్లాం ఉతికింది మా నాన్నే."

హెక్టర్ నవ్వాడు. పది అడుగులు వేశాక ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

గాలి లేదు. చలి మాత్రం ఎముకలు కొరికేస్తోంది. గజాలు చేతికి తగిలాక గానీ వచ్చేశానని తెలియలేదు అతనికి. లోపల్నుంచి తడి మట్టి వాసన, పొద్దున పెట్టిన పూల వాసన.

"ఆర్డ్‌వెన్ దొరగారున్నారా?"

ఏమీ లేదు.

"ఆర్డ్‌వెన్ దొరగారున్నారా?"

ఎక్కడో నీటి బొట్టు పడింది. అంతే. అన్న పలుకుతాడేమోనన్న భయం కొంచెం సడలింది. ఇంకొక్కసారి... ఒక్కసారి పిలిస్తే అయిపోతుంది.

"ఆర్డ్‌వెన్ దొరగారు... ఉన్నారా?"

కేర్‌మంది.

హెక్టర్ గజాల దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. గొర్రెపిల్ల, అనుకున్నాడు. గొర్రెపిల్లే... కానీ నవంబరులో గొర్రెపిల్లలెక్కడివి? అవి పుట్టేది ఏప్రిల్లో కదా!

మళ్లీ కేర్‌మంది. గజాలకి అవతల, కింద, పేటికల మధ్య నుంచి. అప్పుడే పుట్టిన బిడ్డ గుక్కపట్టి ఏడ్చే ఏడుపు.

"ఎ... ఎవరూ?"

ఠక్కున ఆగిపోయింది.

ఎలా దిగాడో అతనికే తెలీదు. కింద గిలీస్ లాంతరెత్తి మొహం చూశాడు.

"పలికారా?" గుసగుసగా అడిగాడు.

ఒక్క మాట. ఆ ఒక్క మాటతో ఎన్నేళ్ల ఆశ పోతుంది. అన్న గొంతు కాదుగా అది, దొరలెవరి గొంతూ కాదుగా...

"లేదు," అన్నాడు హెక్టర్.

గిలీస్ టోపీ తీసి వంగాడు. "దయచేయండి, దొరగారూ."

జన్మంతా ఎదురుచూసిన పిలుపు. వినగానే ఒళ్లు జలదరించింది.

కోటలో మెట్ల మీద కొవ్వొత్తి పట్టుకుని వదిన ఎల్స్‌పెత్ నిలబడి ఉంది. నల్ల శాలువా. కాళ్లకి చెప్పుల్లేవు.

"హెక్టర్... ఏడ్చిందెవరు?"

"మీకెలా... ఇక్కడికెలా వినిపించింది వదినా?"

ఆమె శాలువా కింద పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"నాకిప్పుడు మూడో నెల."

"ప్లీడరు అడిగితే లేదన్నారు కదా!"

"అన్నాను. అనగానే మీ అందరి మొహాలూ ఎంత తేలికపడ్డాయో చూశాను. ఉందని చెబితే నా గిన్నెలో ఏ మందు కలుస్తుందో అని భయమేసింది. నువ్వంటే కూడా భయమేసింది."

హెక్టర్ మెట్టు మీద కూలబడ్డాడు. పుట్టేది మగబిడ్డయితే తండ్రి దొరతనం ఆ బిడ్డదే. బాబాయి మళ్లీ రెండోవాడే. కోపం రావాలి. రాలేదు. ఆమె మొహంలో భయం చూశాక తన మీద తనకే అసహ్యమేసింది.

"నిజం చెప్పు," ఆమె వంగి అడిగింది. "ఏడుపు గజాలకి ఇవతల్నుంచి వచ్చిందా... అవతల్నుంచా?"

ఎందుకడుగుతోందో అతనికి తెలుసు. అవతల ఉండేవాళ్లెవరో ఇద్దరికీ తెలుసు.

"ఇవతలే, వదినా. నా కాళ్ల దగ్గరే వినిపించింది."

ఆమె కొవ్వొత్తి కింద పెట్టి భోరున ఏడ్చేసింది.

హాల్లో గిలీస్ కొత్త దొర కోసం వెండి గ్లాసులో విస్కీ పోస్తున్నాడు.

"ఇందాక అబద్ధమాడాను గిలీస్. పలికారు."

"ఎవరు?"

"దొరగారు," అన్నాడు హెక్టర్ మెట్ల వైపు చూస్తూ.

ముసలాయనకి అర్థమైంది. వెండి గ్లాసు పక్కనపెట్టి, మామూలు గ్లాసులో పోసిచ్చాడు. "తాగండి చిన్నబాబూ. వణుకుతున్నారు."

ఆ చలికాలమంతా హెక్టర్ వదిన వెనకే తిరిగాడు. ఆమె తినే ప్రతిదీ ముందు తను రుచి చూశాడు. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "దొరతనం పోగొట్టుకుని దాదిపని దొరికించుకున్నాడు పాపం!" అని ఊళ్లో సారా కొట్టు దగ్గర నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు. రాత్రుళ్లు కళ్లు మూసుకుంటే చాలు... గజాల అవతల్నుంచి ఆ ఏడుపు. అది ఎప్పటి ఏడుపు? ఏ బిడ్డది?

జూన్ వచ్చింది. ఆ కొండల్లో జూన్ రాత్రి పూర్తిగా చీకటి పడదు. బూడిదరంగు వెలుతురు ఒకటి కిటికీల్ని పట్టుకుని వేలాడుతుంది. గది తలుపు బయట హెక్టర్ నిలబడ్డాడు. లోపల వదిన మూలుగు, మంత్రసాని గద్దింపులు. తన చేతుల్లోంచి సమస్తం లాగేసుకునే ఒక్క ఏడుపు కోసం అతను దేవుణ్ణి బతిమాలుతున్నాడు.

కేర్‌మంది.

హెక్టర్ మొహం విచ్చుకుంది. అంతలోనే పాలిపోయింది.

గదిలోంచి కాదు. వెనక తెరిచి ఉన్న కిటికీలోంచి. గుట్ట వైపు నుంచి.

"వద్దు కన్నా..." కిటికీ దగ్గరికి పరిగెత్తి, గుట్టకేసి గుసగుసగా అన్నాడు. "అక్కడ పలక్కు. నేను పిలవలేదు. నిన్నెవరూ పిలవలేదు..."

అప్పుడు గదిలోంచి కూడా వినిపించింది. అదే గొంతు. అదే గుక్క.

రెండూ కాసేపు కలిసి ఏడ్చాయి.

ఒకటి ఆగిపోయింది.

రెండోది రాతిగోడల మధ్య సుడి తిరుగుతోంది. గదిలోంచి వస్తోందో గుట్ట మీంచి వస్తోందో ఎంత చెవులు రిక్కించినా తెలియడం లేదు. హెక్టర్ తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లోపల ఎవరూ మాట్లాడడం లేదు.