కుండ మూతిలో మట్టి

బుల్లెట్ లింగమూర్తి గొంతు చీల్చుకుని వెళ్లింది. రెండోది అక్కర్లేకపోయింది.

అది 2006 మే. గోదావరిఖనిలో పట్టపగలు. బొగ్గు గనికి గాలి ఆడించే పెద్ద ఫ్యాన్ ఇంజనీర్ లింగమూర్తికి ఒకటే పిచ్చి. కొలంబస్ అడుగు పెట్టకముందు అమెరికా ఖండాల్లో కాల్చిన కుండలు. పెరూ, మెక్సికో, గ్వాటెమాలా నుంచి తెప్పించుకున్న పదమూడు కుండలను గని ఫ్యాన్‌హౌస్ పక్కనున్న తన గదిలోనే పేర్చుకున్నాడు.

గనిలో పని చూసే ఓవర్‌మన్ వేషంలో ఉన్న ఏజెంట్ అర్సలాన్ ఆ శవాన్ని దాటుకుని ఫోన్ ఎత్తాడు.

"విదేశీ ముఠా సందేశం పట్టుకున్నాం," అన్నాడు చీఫ్. "టార్గెట్ మెయిన్ ఫ్యాన్. బాంబు ఒక కుండలో ఉంది. టైమర్ మూడింటికి. కదిలిస్తే ముందే పేలుతుంది. ఏది కొత్తగా వచ్చిందో తెలిసినవాణ్ని చంపేశారు. జమున వస్తోంది. మన మనిషే, పాత కుండల ఎక్స్‌పర్ట్."

టైమ్ రెండూ నలభై. ఫ్యాన్ ఆగితే గనిలో గ్యాస్ నిండుతుంది. కింద మూడు వందల మంది. అందరినీ పైకి తేవడానికి గంటన్నర పడుతుంది.

నల్ల చీర, నల్ల కళ్లద్దాలతో వచ్చిన జమున కుండలన్నీ ఒక చూపు చూసింది. "అన్నీ అసలైనవే. బాంబు ఇక్కడ లేదు. ఫ్యాన్ దగ్గర వెతుకు."

"అబద్ధం," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

తుపాకీ చప్పుడు విని వచ్చిన సమ్మవ్వ. బొగ్గులో పేలుడు మందు కూరిన రంధ్రాలను మూసే మట్టి గోలీలు చేయడం పాతికేళ్లుగా ఆమె డ్యూటీ. ఆమె కొడుకు కిషన్ ఇప్పుడు గనిలో ఉన్నాడు.

మనిషి ముఖంతో ఉన్న పెరూ కుండ వైపు వేలు చూపించింది. "దాని మూతి జూడు బిడ్డా. ఎర్రమట్టిల ఇసుక. గిది మా కలుపు. ఇంకా తడి ఆరలే."

జమున స్క్రూడ్రైవర్ అందించింది. "అయితే పొడిచి తీసెయ్, క్విక్! నేను బయట కాపలా ఉంటా."

అర్సలాన్ వంగాడు. సమ్మవ్వ అతని చేతి మీద చెళ్లున కొట్టింది.

"పేలని మందు కాడ ఇనుము పెడ్తరా? నీళ్లు వొయ్యాలె. నానినంక చెక్కతోని తియ్యాలె. గనిల పిల్లగాండ్లకు గూడ ఎర్కే!"

అర్సలాన్ తల తిప్పాడు. జమున అప్పటికే గుమ్మం దాటింది. చేతిలో పిస్టల్.

రెండు తూటాలు. ఒకటి అర్సలాన్ భుజాన్ని చీల్చింది. రెండోది అతని పిస్టల్‌లోంచి వెళ్లి జమున నుదుట దిగింది. నల్ల కళ్లద్దాలు రక్తంలో పడ్డాయి.

"అవ్వా, జల్ది!"

సమ్మవ్వ చెంబుతో నీళ్లు ధారగా పోసింది. మట్టి కరిగింది. చెక్కపుల్లతో మెల్లగా తోడింది. లోపల ఒకదానికొకటి ఆనీ ఆనకుండా పరిచిన రెండు రాగి రేకులు. ఇనుము తగిలితే కలిసిపోయేవి. కింద టైమర్: పదకొండు సెకన్లు. అర్సలాన్ ఒంటిచేత్తో ప్లాస్టిక్ కట్టర్ దూర్చి ఎర్ర వైరు తెంపాడు.

టైమర్ నాలుగు సెకన్ల దగ్గర ఆగింది.

షిఫ్టు సైరన్ మోగింది. మసి ముఖాలతో పైకి వచ్చినవాళ్లలో కిషన్ కనిపించేదాకా సమ్మవ్వ రెప్ప వేయలేదు.

ఫోన్‌లో చీఫ్ అడిగాడు: "ఆ కుండ ఏ కాలానిది?"

అర్సలాన్ ఆమె వైపు చూశాడు.

"కుండ సంగతి నాకేం ఎర్క," అంది సమ్మవ్వ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "మట్టి మాత్రం నిన్నటిది. నేనే పిసికిన."