గోడౌన్ వీధిలో తలుపు తీయరు

నూజివీడులో, కాలేజీ వెనక గోడ దాటితే గోడౌన్ వీధి వస్తుంది. దీపాలు పెట్టాక ఆ వీధిలో ఎవరి తలుపు తట్టినా తీయరు. సొంత తమ్ముడైనా సరే, ముందు ఫోన్ చేసి రావాల్సిందే. ఎందుకంటే చీకటి పడ్డాక అక్కడ తలుపు తట్టేది మనిషి కాదు… అంటారు.

వీధి చివర మామిడికాయల గోడౌన్ ఉంది. చాలా ఏళ్ల కిందట, సీజన్లో, కాయలు ఏరి పెట్టెల్లో సర్దే పనికి ముసునూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయిని పాము కరిచింది. గాలివాన. కరెంటు లేదు. ఆ పిల్ల వీధి పొడుగునా ఒక్కో తలుపూ బాదుకుంటూ వచ్చింది. ఎవరూ తీయలేదు. వానలో వినపడలేదన్నారు. తెల్లారి చూస్తే గోడౌన్ అరుగు మీద పడి ఉంది.

అప్పటి నుంచీ తడుతూనే ఉందట.

షీబాకి ఇదేమీ తెలియదు. చీరాల పిల్ల. ఆ ఏడే కాలేజీలో చేరింది. హాస్టల్ గదిలో కాలు నిలిచేది కాదు. క్లాసులు అయిపోగానే చుట్టుపక్కల వీధులన్నీ తిరిగేది. ఏ బండి దగ్గర పునుగులు వేడిగా దొరుకుతాయో, ఏ టైలరు మాట నిలబెట్టుకుంటాడో, ఏ ఇంటి గోడ మీద పిల్లి పడుకుంటుందో… అన్నీ వచ్చి రూమ్మేటు నవ్యకి చెప్పేది. నవ్యది మైలవరం. నూజివీడు ఆమెకి కొత్త కాదు.

"గోడౌన్ వీధికి మాత్రం పోకే," అంది నవ్య ఒకసారి.

"ఏం?"

"వాళ్లకి మన కాలేజీవాళ్లంటే పడదు."

దెయ్యం మాట ఎత్తలేదు. ఎత్తితే షీబా తప్పకుండా వెళ్తుందని ఆమె భయం.

ఎత్తకపోయినా వెళ్లింది.

డిసెంబరు. పొద్దు తొందరగా కుంకింది. షీబా వీధిలోకి తిరిగేసరికి గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు మాటలు ఆపేశారు. ఎవరూ పలకరించలేదు. నీలం తలుపున్న ఇంటి ముందు తులసిమొక్కకి నీళ్లు పోస్తున్నావిడ తలెత్తి చూసింది.

"కాలేజీవాళ్లకి ఇక్కడేం పని?"

"ఊరికే చూస్తున్నానండీ."

"చూడ్డానికేముంది? వెనక్కి పో."

ఆ మాటకే షీబాకి పంతం వచ్చింది. చివరిదాకా నడిచింది. గోడౌన్ షట్టరు తుప్పు పట్టి ఉంది. ముందు ఎత్తుగా సిమెంటు అరుగు. సీజన్ కాదు కాబట్టి చుట్టూ పిచ్చిమొక్కలు, ఎండిన గడ్డి. వెనక తోటలోంచి చల్లటి చీకటి మెల్లగా వీధిలోకి దిగుతోంది.

ఆమె వెనక్కి తిరిగింది.

వీధిలో ఒక్కరూ లేరు. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. ఎంతసేపైందని? ఇప్పుడే కదా అందరూ కూర్చుని ఉన్నారు…

అరుగు కింద ఏదో గుర్రుమంది.

ఒక కుక్క బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి. షీబా పరిగెత్తలేదు. పరిగెత్తకూడదని తెలుసు. మెల్లగా అడుగు వెనక్కి వేసింది — అంతే, మొక్కల్లోంచి మరో కుక్క వచ్చి పిక్క పట్టుకుంది.

చేతిలో ఫోన్ ఎగిరి పడింది. బ్యాగుతో కొట్టి, విదిలించుకుని, మొదటి ఇంటి తలుపు మీద పడింది.

"ఆంటీ… తలుపు తీయండి. కుక్కలు కరిచాయి."

లోపల టీవీ మోగుతోంది. ఆగిపోయింది. లైటు ఆరిపోయింది.

పక్కింటికి కుంటింది. చెయ్యి ఎత్తకముందే ఆ ఇంట్లోనూ లైటు ఆరింది. ఆ పైది కూడా. ఆమె అడుగు వేసేకొద్దీ వీధి ముందు ముందుకి చీకటైపోతోంది.

నీలం తలుపు. దాని వెనక ఎవరో ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. తెలుస్తోంది.

"ప్లీజండీ. రక్తం కారుతోంది."

లోపల గుసగుస. ఆడగొంతు — "ఏడుస్తోందండీ."

మగగొంతు — "ఏడుస్తుంది. దాని పనే అది. నువ్వు పలక్కు."

"ఈసారి కుక్కలంటోంది…"

షీబాకి ఆ మాట అర్థం కాలేదు. కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. ఒక చెయ్యి. తర్వాత ముఖాన, ఒంటి మీద, కాలి మీద — నీళ్లు. ఉప్పు కలిపిన నీళ్లు. గాయం భగ్గుమంది. ఆమె కేక పెట్టింది. లోపల ఎవరో గబగబా దండకం చదవడం మొదలుపెట్టారు.

కుక్కలు దగ్గరికొచ్చేశాయి. ఎక్కడానికి ఎత్తయిన చోటు ఆ అరుగొక్కటే. బ్యాగు ఊపుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ మళ్లీ అక్కడికే పోయి, ఎక్కి, షట్టరుకి ఆనుకుని కూర్చుంది. జడ ఊడిపోయింది. చున్నీ లేదు. కింద కుక్కల మధ్య ఫోన్ వెలుగుతూ మోగుతోంది. నవ్య అయ్యుంటుంది. మోగి మోగి… ఆగిపోయింది.

ఎంతసేపు గడిచిందో. తోట వైపు దారిలోంచి వెలుతురు పడింది. ట్రాలీ ఆటో. ఖాళీ క్రేట్లు దింపడానికి రత్నబాబు అనే అతను బాపులపాడు నుంచి వస్తున్నాడు. లైట్లు అరుగు మీద పడ్డాయి. విరబోసుకున్న జుట్టు, తడిసిన ముఖం, కాలంతా రక్తం.

బండి ఆగింది. తర్వాత మెల్లగా… వెనక్కి పోవడం మొదలుపెట్టింది.

"అన్నా, నేను మనిషినే," అంది షీబా.

బండి ఇంకా వెనక్కి పోతోంది. కంగారులో చక్రం పక్కకి తిరిగింది.

"అన్నా, చూసుకో… నా ఫోన్ మీదకి ఎక్కించకు. మా నాన్న కొత్తగా కొనిచ్చాడు."

బండి ఆగింది. రత్నబాబు హారన్ కొట్టి కుక్కల్ని చెదరగొట్టి, దిగి, ఫోన్ తీసి తన చొక్కాకి తుడిచాడు.

"దెయ్యానికి ఫోనెందుకమ్మా," అన్నాడు. "రా. ఆసుపత్రికి పోదాం."

గోడౌన్ కథంతా దారిలో అతనే చెప్పాడు.

రెండు రోజులు షీబా మంచం దిగలేదు. మూడోనాడు నవ్య చెయ్యి పట్టుకుని, కట్టు కట్టిన కాలితో గోడౌన్ వీధికి వెళ్లింది. పట్టపగలు. నీలం తలుపు తెరిచే ఉంది. ఆవిడ పేరు సరోజ అని నవ్యకి తెలుసు. గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"మళ్లీ వచ్చావా?" అంది.

"ఎందుకు తీయలేదో అడుగుదామని వచ్చానండీ."

"ఏం తీయలేదు?"

"తలుపు. మొన్న రాత్రి తట్టింది నేనే. కుక్కలు కరిచాయని చెప్పింది నేనే. మీరు పోసిన ఉప్పునీళ్లు ఈ కాలి మీదే పడ్డాయి."

సరోజ కట్టు వైపు చూసింది. షీబా ముఖం చూసింది. మళ్లీ కట్టు వైపు చూసింది. చేటలో చేతులు కదల్లేదు.

కోపం తీరా తిట్టాలని వచ్చిన షీబాకి, ఆ ముఖం చూశాక అడుగు వెనక్కి పడింది. లోపలి నుంచి ఆవిడ భర్త సుబ్బారావు వచ్చి నిలబడ్డాడు. విషయం అంతా విన్నట్టున్నాడు.

సరోజ అతని వైపు తిరిగింది. గొంతు బాగా తగ్గిపోయింది.

"ఏవండీ… మరి పోయిన వానాకాలం తలుపు తట్టిందెవరు?"

"లోపలికి పద."

"బిడ్డకి ఊపిరాడట్లేదంది కదండీ. మనం వింటున్నాం కదా… తెల్లారేదాకా…"

సుబ్బారావు ఆమె రెక్క పట్టుకుని లేపాడు. చేట ఒరిగి బియ్యం గుమ్మమంతా పోయింది. ఆమెని లోపలికి లాగి, పగలే, తలుపు దగ్గరికేశాడు.

"అది దెయ్యమే," అని వినిపించింది అవతలి నుంచి. "అది దెయ్యమేనే సరోజా."

గడియ పడింది.