ఐదువందలవ తాళంచెవి

శనివారం. సాయంత్రం 4:40. ఇస్నాపూర్ హైవే పక్కన ఎప్పుడో మూతపడ్డ కార్ల షోరూమ్.

షట్టర్ తాళం పగలలేదు. గేటు వంగలేదు. లోపలున్న ఒకే ఒక్క తెల్ల కారు మాత్రం మాయమైంది.

ఎస్సై నర్సింహులు నేల మీదకు వంగాడు. భార్య పోయి రెండేళ్లు. ఇంటికి తొందరగా వెళ్లినా తలుపు తీసే దిక్కులేదు. అందుకే ఏ కేసులోనూ ఆయనకు తొందర ఉండదు.

నేల మీద నాలుగు నిమ్మకాయలు నలిగి ఉన్నాయి.

"దిష్టి నిమ్మకాయలు సార్, ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు యజమాని కొడుకు సునీల్‌కుమార్.

"ఎవరి మీద అనుమానం?"

"స్క్రాప్ నవీన్‌కుమార్ మీదనే. బిల్డింగ్ అమ్మినం. కారు తుక్కు కింద ఆయనకిచ్చినం. సోమవారం తీస్కపోతనన్నడు."

"సోమవారం చేతికొచ్చే కారును శనివారం ఎందుకు ఎత్తుకపోతడు?"

సునీల్ తండ్రి వైపు చూశాడు.

మూలన ప్లాస్టిక్ కుర్చీలో అతని తండ్రి పెద్దరాములు కూలబడి ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. 1996లో ఆయన పెట్టిన దసరా ఆఫర్ ఈ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. షోరూమ్‌కు వచ్చినవాళ్లకు ఐదువందల తాళంచెవులు ఉత్తపుణ్యానికి పంచాడు. పండుగనాడు ఎవరి చెవి తిరిగితే కారు వాళ్లది. మైకులు, డప్పులు, హైవే దాకా లైన్. 499 చెవులు పెట్టి చూశారు. ఒక్కటీ తిరగలేదు. ఐదువందలవది రానేలేదు.

అసలు చెవే లేదన్నారు జనం. మోసగాడన్నారు. రాళ్లేసి అద్దాలు పగలగొట్టారు. రెండేళ్లకు దుకాణం మూతపడింది. కారును మాత్రం ఇన్నేళ్లూ ఆయన అమ్మలేదు. రోజూ నాలుగింటికి వచ్చి, దాని పక్కన కూర్చుని వాచ్‌మన్ అంజన్నతో చాయ్ తాగి పోయేవాడు. ఈరోజూ అలాగే వచ్చాడు.

"ఆ ఒక్క చెవి ఎప్పటికైనా వస్తదని చూసిన సార్," అన్నాడు పెద్దరాములు. "ఇగ కారే లేదంటే నేనే మాయం చేసిన అంటరు. మోసగాడి లెక్కనే సస్త."

పక్క టైర్ల షాపు సీసీ కెమెరాలో ఒక్క ఆధారం దొరికింది. మధ్యాహ్నం 1:12. తెల్ల కారు గేటు దాటింది. డ్రైవర్ ముఖం కనబడలేదు. ముందర లాగే బండి లేదు.

"ఆ టైంకు నువ్వెక్కడున్నవ్ అంజన్నా?"

"తిననీకి పోయిన సార్. రెండింటికి వచ్చిన."

6:30కి నర్సింహులు నవీన్‌కుమార్‌ను కూడా పిలిపించి, అందరినీ షోరూమ్‌లోనే నిలబెట్టాడు.

"నవీన్, ఇరవై తొమ్మిదేండ్లు ఆగిన కారు స్టార్ట్ అయితదా?"

"యాడిది సార్! బ్యాటరీ సచ్చిపోతది. టైర్లు దిగిపోతయి."

"ఇది మాత్రం దానంతటదే పోయింది. అంటే ఎవరో రహస్యంగా దాన్ని సాకుతున్నరు."

టార్చి నిమ్మకాయల మీద పడింది.

"దిష్టివైతే గుమ్మంలో ఉండాలె. ఇవి సరిగ్గా నాలుగు చక్రాల ముంగట ఉన్నయి. టైరు అచ్చు కింద నలిగినయి. కొత్త బండి తీసేటప్పుడు మనం చేసే పని. దొంగకు అంత తీరిక ఉండదు. కారు తనదే అనుకున్న మనిషి తీసిండు. షట్టర్ తీసి దాన్ని రోజూ సాకగలిగేది కాపలా ఉన్నోడే."

ఆయన చెయ్యి చాపాడు.

"చెవి ఇయ్యి అంజన్నా."

అంజన్న మొలతాడు నుంచి చెవి విప్పాడు. దానికి ఆఫర్ బిళ్ల ఇంకా వేలాడుతోంది.

"దసరానాడు కంపెనీల డబుల్ షిఫ్ట్ పడ్డది సార్. తెల్లారి వచ్చిన. సేటు ఒక్కడే గాజుపెంకులు ఊడుస్తున్నడు. చెవి సంగతి అడగబుద్ధి కాలే. చీపురందుకున్న. సేటు కొలువిచ్చిండు. ఆర్నెల్లయినంక ఒక్కసారి పెట్టి చూసిన. తిరిగింది."

పెద్దరాములు కుర్చీలోంచి లేచాడు. "ఊరంతా నన్ను తిట్టినప్పుడు నోరెందుకు ఇప్పలేదురా?"

"చెప్తే కారు నాదైతది. కారు పోతే కాపలా ఏడుంటది సేటు? నాలుగింటికి మీరెందుకొస్తరు? నాతోని మాట్లాడేటోళ్లు ఇంకెవరున్నరు?" అంజన్న తల వంచుకున్నాడు. "ముక్కలు చేస్తరంటే పానం ఆగలే. చిట్కుల్ ఊళ్లె నా కిరాయి రూం ముంగట పెట్టిన."

నర్సింహులుకు కోపం రావాలి. రాలేదు. తానొక్కడే తినాల్సిన రాత్రి టిఫిన్ గుర్తొచ్చింది.

పెద్దరాములు ఎస్సై చేతిలోంచి ఆ చెవిని తీసుకుని చూశాడు. తిరిగి అంజన్న చేతిలోనే పెట్టాడు.

"సునీల్, కంప్లైంట్ వాపస్ తీస్కో. కారు ఈనదే. చెవి దొరికిందని పేపర్ల ఏయించు."

"సేటూ..."

"నిన్ను మాఫ్ చెయ్యలే. ఇరవై తొమ్మిదేండ్లు తక్కువ కాదు."

కొడుకు చెయ్యి పట్టుకుని షట్టర్ దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"చిట్కుల్ల ఏ గల్లీ? రేపు నాలుగింటికి యాడికి రావాలె?"

అంజన్న కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. నర్సింహులు కేసు డైరీ మూసి, ఆ అడ్రస్ తన సెల్‌ఫోన్‌లో రాసుకున్నాడు.