సుగ్గి నెలల్లో తొమ్మిది మంది

మా ఊరు కడపలో జరిగిన సెమినార్‌లో నా పేపర్‌కు చప్పట్లు బాగానే పడ్డాయి. మన దేశం, వియత్నాం ప్రాథమిక విద్యకు ఒక్కో బిడ్డ మీద ఎంత ఖర్చు పెడుతున్నాయన్నది నా పీహెచ్‌డీ విషయం. ఆదోని వైపు ఓ పల్లెలో తొమ్మిది మంది పిల్లలున్న బడికి తలకు అయ్యే ఖర్చు వియత్నాం లెక్కను మించిపోయిందని తేల్చాను. అలాంటి బడిని పక్క ఊరి బడిలో కలిపెయ్యొచ్చని ఠీవిగా ముగించాను.

టీచర్లు కూర్చున్న వెనక వరసలోంచి ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకమ్మాయి లేచింది.

"ఆ బడి టీచర్‌ను నేనే సార్. పేరు మహిమ. మీరు ఏ నెల్లో లెక్కబెట్టినారు?"

"ఫిబ్రవరిలో."

"అప్పుడు ఊరంతా సుగ్గికి పోయింటాది సార్. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి. పిల్లోళ్లను ఎవురి దగ్గర ఇడిసిపోతారు? ఎంబడే తీసకపోతారు. జూలైలో వచ్చి లెక్కబెట్టండి."

హాలంతా నవ్వింది. నా చెవులు ఎర్రబడ్డాయి. రిజిస్టర్లను నమ్మకు, తలలు లెక్కపెట్టు అని మా గైడ్ దేవేంద్రప్ప గారు చెబితే తుచ తప్పకుండా పాటించాను. నేను వెళ్లిన రోజు టీచర్ ట్రైనింగ్‌కు పోయిందట. వంట చేసే తిరుపతమ్మ అన్నం పెట్టిన పిల్లలు తొమ్మిది మందే. అదే రాసుకున్నాను.

టీ విరామంలో ఆమె దగ్గరికెళ్లి, తెలియక జరిగిందన్నాను. తెలియక రాసిన కాగితమే రేపు ఆఫీసర్ చేతికి పోతుందని ఆమె అంది. మూడు కిలోమీటర్లు వంక దాటి ఒకటో తరగతి పిల్లలు నడవరని, ఇంట్లోనే ఉండిపోతారని చెప్పింది. తనూ చిన్నప్పుడు సుగ్గికి పోయిన పిల్లేనట. తిరిగొచ్చేసరికి ఊళ్లో బడి ఉండబట్టే మళ్లీ పలక పట్టిందట. అంత కోపంలోనూ ఆమె కళ్లు అంత బాగుండటం నాకు అన్యాయంగా తోచింది.

జూలైలో వెళ్లాను. తుంపర పడుతోంది. నలభై ఒక్క మంది పిల్లలు గొంతు చించుకుని ఎక్కం చెబుతున్నారు. తలసరి ఖర్చు ఒక్కసారిగా వియత్నాం కిందికి దిగిపోయింది, దాంతోపాటు నా పేపరూ. పీహెచ్‌డీకి ఇంకో ఏడాది పడుతుందని గైడ్ మొహం ముడుచుకున్నారు. అయినా తప్పు నాదేనని రాసి, పేపర్ అప్పటికే చేరిన విద్యాశాఖ ఆఫీసుకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ ఏడాదికి బడి కదల్లేదు.

ఆగస్టులో బెంచీలు లెక్కపెట్టడానికి వెళ్లాను. సెప్టెంబరులో నల్లబల్ల కొలిచాను. అక్టోబరుకు సాకులు అయిపోయాయి.

"లెక్కలన్నీ అయిపాయె గదా సార్. మళ్లా ఏంటికొచ్చినారు?" వరండాలో నోటుపుస్తకాలు దిద్దుతూ మహిమ అడిగింది.

వియత్నాం గురించి ఒక అనుమానం ఉందన్నాను.

"ఈడ వియత్నాం యాడుండాది?"

ఇక తప్పలేదు. "నీకోసమే వస్తాండా మహిమా. మొదట్నించీ నీకోసమే."

ఆమె తల వంచుకుని, ఎదురుగా ఉన్న తప్పు లెక్కకు రైటు కొట్టేసింది. "మా నాయనతో చెప్పండి" అంది.

వాళ్ల నాన్న ప్రేమయ్య అంతా విని, నన్నోసారి ఎగాదిగా చూశాడు. "చర్చిలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదవల్ల. జనవరి వస్తే ఊర్లో ఇనేకి మనిషుండడు. మీవాళ్లను బిర్నా పిలుచుకోని రా నాయనా" అన్నాడు. పట్టరాని సంతోషంతో బస్సెక్కాను.

మావాళ్లు వచ్చి మాట ఖాయం చేసుకున్నారు. డిసెంబరు మొదటి ఆదివారం చర్చిలో మా పేర్లు చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని పాస్టరు గారు అడిగారు. మూడో తరగతి చదివే ఆరాధన అనే పిల్ల లేచి నిలబడింది.

"టీచర్ పెండ్లయి కడపకు పోతే మా బడి ఉంటాదా?"

మహిమ నావైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. తనూ నిజంగానే అదే అడుగుతోంది.

"మీ టీచర్ యాడికీ పోదమ్మా" అన్నాను. "నేనే ఈడికొస్తా."

ఆరాధన కాసేపు ఆలోచించి, కూర్చుంది.