బకెట్లో నానిన పుట్టగొడుగులు

ప్రేమ్‌రాజ్ బస్సు డిపోలో మెకానిక్. ఎంత పెద్ద ఇంజనైనా విప్పి బిగిస్తాడు గానీ కోడిగుడ్డు ఉడకబెట్టడం రాదు. అలాంటివాడు సోనీ ముందు నోరు జారాడు.

సోనీ బహదూర్‌పురాలో తమ మిద్దె మీది గదిలో, వరిగడ్డి సంచుల్లో పుట్టగొడుగులు పెంచుతుంది. ఆదివారం చర్చి బయట అమ్ముతుంటే, మాట కలపడానికి అతడికి వేరే దారి దొరకలేదు.

"ఇవంటే నాకు పానం. మస్తు వండుత," అన్నాడు. "షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు, అన్నిటికి మందు."

"మందు కాదు, కూర," నవ్వింది సోనీ. "పీచు ఉంటది, ప్రొటీన్ ఉంటది, కొవ్వు తక్కువ. గంతే. మా బాపు అయితే కుక్కగొడుగులని ముట్టడు. ఈ పని బంద్ చెయ్యమని రోజూ లొల్లి. మీరు ఒక్కసారి వచ్చి ఆయనకు వండిపెట్టరాదుండ్రి?"

"దాందేముంది!" అన్నాడు, తనను తాను లోపల తిట్టుకుంటూ.

మరుసటి ఆదివారం జోరున వాన. మిద్దె మీది గది కురుస్తుంటే, సోనీ సంచులు తడవకుండా పట్టా కప్పుతోంది. ఆమె తండ్రి మొగులయ్య వంటింటి గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన చూస్తుంటే, ఫోన్లో చూసిన వంట వీడియోలన్నీ ప్రేమ్‌రాజ్ మరిచిపోయాడు. ఇంజన్ సామాను కడిగినట్టు పుట్టగొడుగులను బకెట్టు నీళ్లలో నానబెట్టాడు. అవి కడుపు నిండా తాగి, మూకుట్లో పడగానే మొత్తం కక్కాయి. కూర చెరువైంది.

మొగులయ్య ఒక ముక్క నమిలాడు. "తడిసిన చెప్పు లెక్కుంది. సోనీ, రేపే ఆ సంచులు పారెయ్యి!"

అప్పుడే దిగి వచ్చిన సోనీ ముఖం వాడిపోయింది. అది చూసి ప్రేమ్‌రాజ్ ఉండబట్టలేకపోయాడు.

"సంచుల తప్పేం లేదంకుల్. నాకు వంట రాదు. పుట్టగొడుగు ఎన్నడు తిన్నది గూడ లేదు. మీ బిడ్డతోని మాట్లాడనీకి అబద్ధం చెప్పిన."

సోనీ మిద్దె మీంచి కొత్త పుట్టగొడుగులు తెచ్చి, బట్టతో తుడిచి, చేత్తో చీల్చి, వేడి మూకుట్లో వేసింది. చుక్క నీళ్లు పోయలేదు. వాటి నీరు ఇగిరి అంచులు ఎర్రబడ్డాక ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి, మిరియాల పొడి చల్లింది. ఇల్లంతా కమ్మటి వాసన.

మొగులయ్య ఆ కూరతో రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. "కోడికూర యాదికొస్తుంది," అని ఒప్పుకున్నాడు. "సంచులు ఉండనీ తియ్."

ప్రేమ్‌రాజ్ మెల్లగా తలుపు దగ్గరికి జారుకున్నాడు. సోనీ వెంట వచ్చింది.

"మాట్లాడనీకి గింత లొల్లి అవసరమా? ఉత్తగ పలకరిస్తే కాకపోవునా?"

"భయమైంది."

"వచ్చే ఆదివారం రా. ఉల్లిగడ్డ కొయ్యుడు నేర్పుత."

"వానల యాడికి పోతడు?" లోపలి నుంచి మొగులయ్య కేకేశాడు. "పిలగాడు ఏం తినలే. కూసోబెట్టు!"

ప్రేమ్‌రాజ్ జీవితంలో మొదటిసారి పుట్టగొడుగు నోట్లో పెట్టుకున్నాడు. నిజంగానే అద్భుతంగా ఉంది. ఆ మాటే పైకి అన్నాడు.

తండ్రీ కూతుళ్లిద్దరూ నమ్మలేదు.