చల్లారకముందే

చల్లారనివ్వడంలో తప్పేముంది, వేడి మీద ఎవరు మాత్రం మంచి మాట వింటారు, ఇంట్లో అవ్వ కోప్పడినా తాను అంతే చేసేవాడు, పక్కకు తప్పుకునేవాడు, కాసేపటికి ఆమే పిలిచి అన్నం పెట్టేది. మరి నవీన విషయంలో అది ఎందుకు పని చేయలేదు? తాను రీసెర్చ్ చేసే కరీంనగర్ యూనివర్సిటీ ల్యాబులో, నూనెలో మునిగి వేడెక్కుతున్న బేరియం టైటనేట్ బిళ్ళను చూస్తూ ఫిలిప్ మళ్ళీ అక్కడికే వచ్చాడు.

ఆమెతో మొదటి మాటే పోట్లాట. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కొత్తగా వచ్చి, ఈ బల్ల దగ్గరే స్విచ్ ఆపేసింది.

“నూనె సల్లారకముందే వోల్టేజ్ ఎవరు తీయమన్నరు?”

“ఫ్యాన్ కింద పెడితే సల్లారుతది గద సార్!”

“సల్లారుతది. లోపల ఏం మిగలది.”

అప్పుడు వివరించాడు. ఈ పదార్థంలో ప్లస్, మైనస్ విద్యుదావేశాలు కొంచెం పక్కకు జరిగి ఉంటాయి. ఒక్కో భాగం ఒక్కో దిక్కుకు మొగ్గుతుంది. వేడి చేసి వోల్టేజ్ పెడితే అన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఆ వోల్టేజ్ ఉండగానే చల్లార్చాలి. అప్పుడే, తీసేశాక కూడా ఆ మొగ్గు నిలుస్తుంది.

“అంటే సల్లారేదాక పట్టుకొని కూసోవాలె. మీకు గంత ఓపికున్నదా సార్?”

“సార్ అనకు. నీకన్న రెండేండ్లే పెద్ద.”

“అయితే అన్నా అనాల్నా?”

“వద్దు!” అన్నాడు, అవసరమైన దానికన్నా గట్టిగా. కిటికీ బయట వాన మొదలైంది. ఆమె వానను చూస్తున్నట్టు నటిస్తూ నవ్వింది.

వేసవిలో, చొప్పదండిలో, ఫిలిప్‌నే పెళ్ళి చేసుకుంటానని నవీన తన తండ్రి సిద్దిరాములుకు చెప్పింది. పద్మశాలి ఇంటి పిల్ల, మెథడిస్టు క్రైస్తవుల పిల్లవాడు. ఇల్లు భగ్గుమంది. వాకిట్లోంచి ఫోన్ చేసింది.

“ఇప్పుడే రా ఫిలిప్. బాపు ముందట నిలబడు. తిడ్తడు, తిట్టనీ.”

“వేడి మీదున్నరు. జర సల్లారనీ, వస్త.”

“సల్లారినంక ఏముంటది?”

అతను ఆ వేసవంతా వెళ్ళలేదు. తనది ఓపిక అనుకున్నాడు. అది భయమని, ఎవరి కోపం ముందూ నిలబడలేని చిన్నప్పటి భయమని లోపలెక్కడో తెలుసు. తెలిసినదాన్ని చూడకుండా ఉండటం అతనికి అలవాటు.

నవీన జైనూర్‌లో టీచరుగా చేరింది. ఇవాళ మెసేజ్ పెట్టింది: “ఇంట్ల అందరు సల్లబడ్డరు. నేను సుత.”

అందులో కోపం లేదు. అదే అతన్ని కుంగదీసింది. తిట్టినా బాగుండేది. వేడి మీదే వోల్టేజ్ తీసేసింది తానే. బిళ్ళ పైకి అట్లాగే ఉంటుంది, తెల్లగా, పగుళ్ళు లేకుండా. లోపల మాత్రం ఏ భాగానికి ఆ భాగం తన దిక్కు చూసుకుంటుంది. కలిపి చూస్తే సున్నా. మళ్ళీ నిలపాలంటే మళ్ళీ వేడి చేయాలి. మనుషుల విషయంలో అది పనికొస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు. అయినా హీటర్ ఆపి, బస్సెక్కాడు.

చొప్పదండిలో దిగేసరికి వాన. సిద్దిరాములు మరమగ్గాల షెడ్డు గడప బయట తడుస్తూ నిలబడి, “నేను ఫిలిప్‌ను” అన్నాడు. మగ్గాల చప్పుడులో తనకే వినపడలేదు.

“ఏందీ?” అన్నాడు సిద్దిరాములు, చెవి దగ్గర చేయి పెట్టి.

“ఫిలిప్‌ను! నవీన కోసం వచ్చిన!”

ఇంత గట్టిగా అతను ఎప్పుడూ అరవలేదు.

సిద్దిరాములు మగ్గం ఆపాడు. ముఖం ఎర్రబడింది.

“సల్లబడ్డ ఇంట్ల మళ్ల నిప్పు పెట్టెతందుకు వస్తివారా?”

ఫిలిప్ చెప్పులు విప్పి, లోపలికి అడుగు పెట్టాడు.